ఇల్లు మారేటప్పుడు పాత వస్తువులను ఏమి చేయవలెను?

ఏ ఆలయానికి వెళ్లినా రావిచెట్టు మొదట్లో పగిలిన దేవుని పటాలు, చేయి విరిగిన బొమ్మలు, పాత క్యాలెండర్లు కనిపిస్తూనే ఉంటాయి. ఎవరో ఇల్లు మారుతూ, చెత్తలో వేయడానికి మనసొప్పక అక్కడ ఉంచి నమస్కరించి వెళ్లినవి. వారి భక్తిని నేను శంకించను. కాని మరునాడు వాటిని ఎత్తేవాడు పారిశుద్ధ్య కార్మికుడు. గాజుపెంకు గుచ్చుకునేది అతని చేతికే.

నాలుగేళ్ల క్రితం కోనసీమలోని మా పెంకుటిల్లు విడిచి, విజయవాడలో కుమారుని అపార్టుమెంటుకు చేరవలసి వచ్చింది. మూడు తరాల సామాను రెండు గదులలో ఇమడాలి. ఆ తొందరలో అటకమీది కాగితాల మూటను విప్పకుండానే తూకానికి వేశాను. మా నాన్నగారు స్వహస్తంతో వ్రాసుకున్న ప్రయోగ పుస్తకం అందులోనే ఉన్నదని నెల గడచిన తరువాత తెలిసింది. వెదుకుకుంటూ వెళ్లేసరికి ఆ సరుకు కాగితపు మిల్లుకు వెళ్లిపోయింది. తప్పు నాదే. అందుచేత చదువరులకు మొదట మనవి చేసేది ఇదే: ఏ మూటనూ విప్పకుండా ఇవ్వకండి.

తాళపత్రాలు, చేవ్రాత ప్రతులు దొరికితే ఇంట్లో చెదలపాలు చేయవద్దు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థ వంటి చోట్ల వాటిని భద్రపరచే ఏర్పాటు ఉన్నది. అచ్చు పుస్తకాలకు ఊరి గ్రంథాలయమే చాలును. అయితే ముందుగా జాబితా పంపి, వారికి ఏవి కావలెనో అడగడం మర్యాద. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలను దాచి ఉంచినందువల్లనే ఎందరో పరిశోధకులకు మేలు కలిగింది.

ఇత్తడి, రాగి, కంచు పాత్రల విషయంలో మన పెద్దలు ఏనాడో వివరంగా ఆలోచించారు. మనుస్మృతి ఐదవ అధ్యాయంలో ద్రవ్యశుద్ధి ప్రకరణమున్నది. ఏ లోహాన్ని బూడిదతో, దేనిని పులుసుతో, దేనిని నీటితో శుద్ధి చేయవలెనో అందులో చెప్పబడింది. వస్తువు మైలపడితే పారవేయమనలేదు, శుద్ధి చేసి వాడుకొమ్మన్నారు. మా ఇంటి గంగాళాన్ని, రెండు అండాలను ఒక అన్నదాన సత్రానికి ఇవ్వదలచినప్పుడు అక్కడి వంటస్వామి చూసి, "పంతులుగారూ, కళాయి పోయింది. పులిహోర కలిపితే చిలుము దిగుతుంది" అన్నాడు. అతని మాట నిజం. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు తగిలితే లోహం ఆహారంలోకి దిగుతుంది. నవాసాగరం చల్లి తగరం పూసే పనివారు ఇప్పుడు అరుదు. వారిని వెదికి కళాయి వేయించి, ఆ ఖర్చు నేనే భరించి ఇచ్చాను. దాతలు గమనించవలెను: బాగుచేసే భారం కూడా పుచ్చుకునేవారి మీద వేస్తే అది దానం కాదు. కఠోపనిషత్తులో తండ్రి పాలివ్వని ముసలి ఆవులను దక్షిణగా ఇవ్వడం చూసే కదా నచికేతుడు కలవరపడ్డాడు! చిరిగిన దుప్పట్లు, గుండీలు లేని చొక్కాలు అనాథాశ్రమానికి మోసుకెళ్లేవారికి ఆ కథ జ్ఞాపకం రావాలి. మా ఇల్లాలి నేతచీరలలో బాగున్నవి బంధువులకు వెళ్లాయి. చిరుగుపట్టినవాటిని మా కోడలు బొంత కుట్టించింది. ఇప్పుడు నేను కప్పుకునేది అదే.

ఇక పటాలు. చట్రం, గాజు విడదీస్తే చట్రం వడ్రంగికి, గాజు పాతసామాను వారికి పనికివస్తాయి. మిగిలిన కాగితపు బొమ్మను నమస్కరించి పెరటిలో ఎవరూ తొక్కని చోట గొయ్యి తీసి పూడ్చవచ్చును. మట్టి విగ్రహాన్ని ఇంటివద్దనే తొట్టిలో నీట కరిగించి, ఆ మట్టిని తులసికోటకు వేయవచ్చును. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మలు, ప్లాస్టిక్ పూత పటాలు నీటిలో కరగవు. వాటిని నదిలో వదలడం నిమజ్జనమని నేను అనలేను. పూజలందుకున్న ఇంటి విగ్రహం భిన్నమైతే మాత్రం మీ పురోహితుని సంప్రదించి, ఉద్వాసన చెప్పిన తరువాతనే కదిలించండి.

పాత సెల్‌ఫోన్లు, ఇన్వర్టరు బ్యాటరీలు, ట్యూబులైట్ల విషయం నాకు మనుమడు చెప్పాడు. వాటిలో సీసం, పాదరసం వంటివి ఉంటాయట. చెత్తబండిలో కలపకుండా, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించే కేంద్రాలకు వేరుగా ఇవ్వాలి. కొత్త బ్యాటరీ కొన్నచోటనే పాతది తిరిగి పుచ్చుకుంటారు.

మా మంచం కింద ఇంకా ఒక భోషాణం ఉన్నది. "మామయ్యగారూ, అది ఎప్పుడు తెరుస్తారు?" అని కోడలు అడుగుతూనే ఉన్నది. తెరవాలి. ఈసారి ఒక్కొక్క కాగితమూ చదివి.