పై అధికారి నమ్మితేనే కింది వాళ్ల పని నిలబడుతుంది

"సర్కారు దవాఖానాకే రండి" అని ఏ అధికారైనా చెప్తాడు. 2021 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం కలెక్టర్ అనుదీప్ దురిశెట్టి తన భార్యను కాన్పుకు భద్రాచలం ప్రభుత్వ ఏరియా ఆసుపత్రిలోనే చేర్పించారు. అడవి పల్లెల ఆడవాళ్లు, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ వాళ్లు కూడా వచ్చేది అక్కడికే. అంతకు కొన్నాళ్ల ముందే ఖమ్మం అదనపు కలెక్టర్ స్నేహలత కూడా ప్రభుత్వ ఆసుపత్రిలోనే ప్రసవించారు.

ఒక్క కాన్పుతో డాక్టర్ల ఖాళీలు నిండవు, నిజమే. కానీ లోపాన్ని ఫైల్లో చదవడం వేరు, ఇంటిమనిషి మంచం పక్కన నిలబడి చూడడం వేరు. వార్డులో నర్సుకు కూడా వంద మెమోల కన్నా ఆ నమ్మకమే ఎక్కువ పని చెప్తుంది.

లీడర్‌షిప్ అంటే మొదట ఇదే. హోటల్ నడిపేవాళ్లు పనివాళ్ల భోజనం ఓ పూట తిని చూడండి. బట్టల షాపు ఉంటే ఇంటి పెళ్లి షేర్వానీ మీ దర్జీతోనే కుట్టించండి.