టర్బో కారునకు పెట్రోలు సరఫరా ఏర్పాటు

మన సభ్యుల కుమారులలో కొందఱు తమ పెట్రోలు కార్లకు టర్బోఛార్జరు అమర్చుకొనగోరుచున్నారు. టర్బో కొనుటకు ముందు పెట్రోలు సరఫరాను సరిచూచుకొనకున్నచో ఇంజను చెడును. అది ఎట్లు చెడునో, దానిని ఎట్లు కాపాడవలెనో ఇచట వివరించెదను. మానిఫోల్డులో పెట్రోలు చిమ్ము కార్లకే ఈ వివరణ వర్తించును. పంపుసెట్టు నెఱిగిన రైతునకు ఇందు కష్టమేమియు లేదు.

ఇంజనునుండి వెడలు పొగ యొక చక్రమును త్రిప్పును. అదే ఇరుసుపైనున్న మఱియొక చక్రము గాలిని నొక్కి సిలిండర్లలోనికి పంపును. ఇదియే టర్బో. స్విట్జర్లాండు దేశస్థుడగు ఆల్ఫ్రెడ్ బ్యూకీ దీనికి 1905లో పేటెంటు పొందెను. మామూలు నడకలో 1 పాలు పెట్రోలునకు తూకమున 14.7 పాళ్లు గాలి చాలును. టర్బో నిండుగా పనిచేయునపుడు వేడి తగ్గించుటకై సుమారు 12 పాళ్ల గాలికే 1 పాలు పెట్రోలు నిత్తురు. పెట్రోలు చాలకున్నచో, మంట చేరకముందే కొంత మిశ్రమము తనంత తాను ప్రేలును. మెకానిక్కులు దీనిని నాకింగు అందురు. అది సాగినచో పిస్టను పగులును, లేదా కరగును.

ఇంజెక్టరు వెనుక సాధారణముగా 3 బార్ల ఒత్తిడి యుండును. ఇది నీటిని 30 మీటర్ల ఎత్తునకు తోడుట వంటిది. టర్బో 0.7 బారు ఒత్తిడితో గాలిని నింపినపుడు ఆ గాలి ఇంజెక్టరు మూతికి ఎదురు నిలుచును. మిగులునది 2.3 బార్లే. అందుచే పెట్రోలు నూటికి 12 పాళ్లు తగ్గును. ఎక్కువ కావలసిన వేళనే తక్కువ వచ్చునన్నమాట. కావున మానిఫోల్డునుండి ప్రెషరు రెగ్యులేటరునకు సన్నని గొట్టము కలుపవలెను. అపుడు గాలి ఒత్తిడి పెరిగినంతయు పెట్రోలు ఒత్తిడియు పెరిగి 3.7 బార్లగును, తేడా ఎప్పటివలె 3 బార్లుగానే నిలుచును.

ఇక లెక్క చూడుడు. టర్బో ఇంజను గంటకు ఒక్కొక్క హార్సుపవరునకు సుమారు 0.27 కిలో పెట్రోలు త్రాగును. 200 హార్సుపవరునకు 54 కిలోలు, అనగా సుమారు 73 లీటర్లు. దీనిని 4 ఇంజెక్టర్లకు పంచిన ఒక్కొక్కటికి నిమిషమునకు 304 సీసీ. ఇంజెక్టరును నూటికి 80 పాళ్లకు మించి పనిచేయింపరాదు; కావున 380 సీసీ ఇంజెక్టరు కావలెను. కారులోని కంప్యూటరునకు ఈ క్రొత్త కొలత తెలుపకున్నచో మామూలు నడకలో పెట్రోలు పొర్లును.

పంపు గంటకు 90 లీటర్లు ఇచ్చునదిగా నుండవలెను. ఆ 90 లీటర్లు 3.7 బార్ల ఒత్తిడిలో రావలెను. బావి లోతైనకొలది మోటారు నీరు తగ్గునట్లే, ఒత్తిడి పెరిగినకొలది ఈ పంపు ధారయు తగ్గును. పెట్టెపైనున్న అంకె ఏ ఒత్తిడిలోనిదో అడిగి తెలిసికొనుడు. లోవోల్టేజిలో మోటారు నీరసించుట మీరెఱుగుదురు, ఇచటను అంతే. పంపునకు రిలేతో కూడిన లావు తీగ ప్రత్యేకముగా వేయించుడు.

గొట్టములు ఇంజెక్షను ఒత్తిడికి తగినవై యుండవలెను. పంపునకు ముందు ముతక జల్లెడ, వెనుక సన్నని ఫిల్టరు ఉండవలెను. ఇంజను చల్లారిన తరువాత, బయలులో, నిప్పు దరికి రానీయక, అనుభవముగల మెకానిక్కుచే 3.7 బార్ల ఒత్తిడిలో తిరుగు గొట్టమునుండి వచ్చు పెట్రోలును కొలిపింపుడు. నిమిషమునకు 1.5 లీటర్లు రాకున్నచో టర్బో బిగింపవలదు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనును, రవాణాశాఖవారి అనుమతిని ముందే విచారించుకొనుడు. ఈ లెక్కలను ట్రాక్టరు డీజిలు ఇంజనునకు అన్వయింపరాదు; అందు గాలికి మించిన డీజిలు నల్లపొగను, అధికమైన వేడిని పుట్టించును.

నీటి వసతి చూచుకొనియే నాటు వేయుదుము. అటులే, ముందు పెట్రోలు ధారను కొలిచి, పిమ్మట గాలిని పెంచుడు.