నలుపును వెతికే వెలుగు

1960 మే 16న కాలిఫోర్నియాలోని మాలిబూ ఊళ్లో, హ్యూస్ పరిశోధనాలయంలో, థియొడోర్ మైమన్ అనే 32 ఏళ్ల భౌతికశాస్త్రవేత్త ఒక బుల్లి పరికరాన్ని వెలిగించాడు. అరచేతిలో ఇమిడిపోయేంత పరికరం. లోపల వేలి కణుపంత కృత్రిమ కెంపు కడ్డీ, దాని చుట్టూ జంతికలా మెలి తిరిగిన ఫ్లాష్ దీపం. ఆ దీపం ఆయన ప్రత్యేకంగా చేయించుకున్నది కాదు. ఫొటోలు తీసేవాళ్ల కోసం జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అమ్ముతున్నదే. అది తళుక్కుమనగానే కెంపు కొసనుంచి ఎర్రటి కాంతి దూసుకొచ్చింది. దాని తరంగదైర్ఘ్యం 694 నానోమీటర్లు. ప్రపంచంలో మొట్టమొదటి లేజర్ అదే.

ఆ జులైలో న్యూయార్క్‌లో సంగతి ప్రకటించగానే కొన్ని పత్రికలు దాన్ని మృత్యుకిరణంగా వర్ణించాయి. ఇవాళ హైదరాబాద్, విజయవాడ వీధుల్లో ఏ స్కిన్ క్లినిక్ బోర్డు చూసినా కనిపించే లేజర్ పుట్టుక ఇది. అవాంఛిత రోమాలకు, మచ్చలకు, పచ్చబొట్లకు అదే మందంటున్నారు. ప్యాకేజీకి డబ్బు కట్టేముందు దాని కథ తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే ఈ యంత్రం పెరిగింది తెల్లటి ఒంటి మీద. మనది చామనచాయ.

లేజర్‌ను చర్మం దగ్గరికి తెచ్చినవాడు సిన్సినాటి నగరపు చర్మవైద్యుడు లియోన్ గోల్డ్‌మన్. 1960ల మొదట్లోనే ప్రయోగశాల పెట్టి, చర్మం మీద కెంపు కాంతిని పరీక్షించాడు. ఆయన కంటపడిన విషయమే ఈ కథకంతటికీ ఆయువుపట్టు. రంగు లేని చోట కాంతి పెద్దగా హాని చేయకుండా సాగిపోయింది. నల్లటి వెంట్రుక, ముదురు రంగు చర్మం ఉన్నచోట మాత్రం ఆగి కాల్చింది. కాంతిని పట్టి నిలిపేది మెలనిన్ అనే వర్ణకం. మన జుట్టుకు నలుపునిచ్చేది అదే, ఒంటికి చాయనిచ్చేదీ అదే. కాల్చాల్సిన నలుపు ఏదో, వదిలేయాల్సిన నలుపు ఏదో కాంతికి తెలియదు.

1970ల్లో చర్మవైద్యంలోకి ఆర్గాన్ లేజర్ వచ్చింది. పుట్టుకతో ముఖం మీద వచ్చే ఎర్రటి మచ్చలను దానితో కాల్చేవారు. మచ్చ తగ్గేది, కానీ చాలామందికి దాని స్థానంలో కాలిన గాయం తాలూకు గుర్తు మిగిలేది. కాంతి సరైన చోటే పడుతున్నా, వేడి చుట్టుపక్కలకు పాకిపోవడమే కారణం. ఈ చిక్కు విప్పినవాళ్లు హార్వర్డ్ వైద్యులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్. 1983లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయిన వారి సిద్ధాంతం వంటింట్లో కూడా బోధపడుతుంది. పోపు గరిటెలోంచి చింది బయటపడిన ఆవగింజ రెప్పపాటులో చల్లారుతుంది. అదే పొయ్యి మీంచి దించిన ముద్దపప్పు గిన్నె అరగంటైనా వేడిగానే ఉంటుంది. చర్మంలోనూ అంతే. చిన్న కణం త్వరగా చల్లారుతుంది, పెద్దది నిదానంగా చల్లారుతుంది. కాబట్టి దేన్ని కాల్చాలో దానికి నచ్చే రంగు కాంతిని ఎంచుకుని, అది చల్లారేలోగా పని ముగించేస్తే వేడి పక్కకు పాకదు. పచ్చబొట్టు సిరా రేణువు అతి చిన్నది, దానికి సెకనులో వందకోట్లో వంతు లెక్కన కొన్ని వంతులు చాలు. వెంట్రుక కుదురు లావు, దానికి మిల్లీసెకన్లు కావాలి. ఒకే యంత్రం అన్నిటికీ పనికి రాకపోవడానికి మూలం ఇక్కడుంది.

పై పొరలోని మెలనిన్ రేణువులు కూడా ఆవగింజలే. ఒక్కో కాంతి మెరుపు (పల్స్) కాస్త నిడివిగా ఉంటే అవి వేడెక్కుతూనే చల్లారిపోతుంటాయి, లోపలున్న కుదురు మాత్రం వేడిని పట్టి ఉంచుకుంటుంది. యంత్రం మూతికి చల్లటి పలక అమర్చేది కూడా పై పొరను కాపాడటానికే.

1990ల నడుమ రోమాలు తగ్గించే లేజర్లు క్లినిక్‌లకు చేరాయి. తెల్లటి ఒంటిమీద నల్లటి వెంట్రుక ఉన్నవాళ్లకు కెంపు లేజర్ చక్కగా నప్పింది. నల్లని చర్మానికి అదే ప్రమాదమైంది, 694 నానోమీటర్ల కాంతిని పై పొరే ఎక్కువగా తాగేస్తుంది మరి. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ మెలనిన్‌కు ఆకలి తగ్గుతుంది, కాంతి లోతుకు దిగుతుంది. అలా అలెగ్జాండ్రైట్ (755), డయోడ్ (సుమారు 810), ఎన్‌డీ-యాగ్ (1064) వరుసగా రంగంలోకి వచ్చాయి. ముదురు చాయలకు వీటిలో అన్నిటికన్నా భద్రమైనది చివరిది. ‘‘మీ యంత్రం ఏది? ఎన్ని నానోమీటర్లు?’’ అని అడగడానికి ఎవరూ మొహమాటపడనక్కర్లేదు. జవాబు చెప్పలేని చోటి నుంచి లేచి వచ్చేయడమే మేలు.

క్లినిక్‌లలో వాడే ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్) అసలు లేజరే కాదు. అదే దశకంలో అమెరికా అనుమతి పొందిన ఈ పరికరంలో జెనాన్ దీపం ఉంటుంది. సుమారు 500 నుంచి 1200 నానోమీటర్ల దాకా రకరకాల కాంతులు కలగలిపి వస్తాయి, అక్కర్లేని వాటిని గాజు ఫిల్టర్లతో ఆపుతారు. ఒక రకంగా మైమన్ దీపం కెంపు లేకుండా తిరిగొచ్చినట్టే. తెల్లవాళ్లకు బాగా పనికొచ్చే ఈ పరికరం, ఫిల్టర్ సరిగా ఎంచకపోతే మనవాళ్లకు బొబ్బలు తెప్పిస్తుంది. బోర్డు మీద లేజర్ అని రాసి లోపల ఐపీఎల్ వాడే చోట్లు ఉంటాయి, కనిపెట్టుకోవాలి.

డాక్టర్లు వాడే చర్మపు చాయల కొలబద్ద కూడా తెల్లటి చర్మాన్ని బట్టి పుట్టిందే. హార్వర్డ్ వైద్యుడు థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో దాన్ని తయారుచేసినప్పుడు అందులో తెల్లటి చర్మపు రకాలు నాలుగే ఉన్నాయి. గోధుమ, నలుపు చాయలకు ఐదు, ఆరు అంకెలు తర్వాత చేరాయి. మనలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల్లోకి వస్తారు. ఈ చర్మానికి వేడి తగిలితే వచ్చే పెద్ద ఇబ్బంది నల్లమచ్చ. కాలిన చోట రంగు ముదిరి, నెలల తరబడి పోదు. కొన్నిసార్లు రంగే పోయి తెల్లగా పాలిపోతుంది. మంగు మచ్చల కోసం లేజర్‌కు వెళ్లేవాళ్లు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. మంగుకు వేడి, వెలుగు రెండూ గిట్టవు. లేజర్ తగ్గించినట్టే తగ్గించి, అంతకన్నా ముదురుగా తిరిగి రావచ్చు. ముందు సన్‌స్క్రీన్, పూత మందులు వాడి చూడాలి.

సిట్టింగ్ ఎలా ఉంటుందంటే, ముందు కళ్లకు రక్షణ అద్దాలు పెడతారు. ఆ కాంతి రెటీనాను కాల్చగలదు కాబట్టి గదిలో ఉన్న అందరికీ అవి ఉండాలి. జెల్ రాసి, చల్లటి మూతిని పైపెదవి మీద ఆనిస్తారు. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది, వెంట్రుక కమిలిన వాసన వస్తుంది. కాసేపటికి కుదుళ్ల చుట్టూ చెమటకాయల్లాంటి ఎర్రటి పొంగు కనిపిస్తుంది. అది పని జరిగిందనడానికి గుర్తు, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. చర్మం బూడిదరంగుకు తిరిగినా, తెల్లబారినా అది కాలిన గుర్తు. అక్కడికక్కడే ఆపమనాలి.

కాంతి కుదురు దాకా వెళ్లాలంటే దారి చూపే వెంట్రుక లోపల ఉండాలి. అందుకే కొన్ని వారాల ముందునుంచే థ్రెడింగ్, వ్యాక్సింగ్ మానేయాలి, షేవింగ్ మాత్రం చేసుకోవచ్చు. ఎండకు నల్లబడి ఉంటే వాయిదా వేసుకోవాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకుంటున్నా, గాయాలు గడ్డలు కట్టే తత్వం ఉన్నా, నోటి చుట్టూ హెర్పిస్ పొక్కులు వస్తున్నా డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఏమిటో తేలని పుట్టుమచ్చను లేజర్‌తో చెరిపించుకోవడం మరీ ప్రమాదం. అది క్యాన్సర్ అయితే, పైన రంగు పోయి లోపల జబ్బు మిగిలిపోతుంది.

పీసీఓఎస్ ఉన్న అమ్మాయిలకు ఇంకో సంగతి ఎవరైనా చెప్పితీరాలి. హార్మోన్లు అదుపులో లేకపోతే కొత్త రోమాలు వస్తూనే ఉంటాయి. కొందరికి లేజర్ పడిన చోటే, ముఖ్యంగా దవడ పక్కన, మెడ మీద, నూగు కాస్తా ముదిరి వెంట్రుకలవుతాయి. దక్షిణాసియా స్త్రీలలో ఇది తెలిసిన సమస్యే. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సైతం ‘శాశ్వతంగా తగ్గింపు’ అనే మాటకే ఒప్పుకుంది, ‘శాశ్వత తొలగింపు’ అనే మాటకు కాదు.

మత్తు క్రీము చిన్న విషయంలా కనిపిస్తుంది. లేజర్‌కు వెళ్లేముందు అమెరికాలో 22, 25 ఏళ్ల ఇద్దరు యువతులు మందుల షాపులో కలిపిచ్చిన ఘాటైన మత్తు క్రీమును కాళ్లకు రాసుకుని, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టుకున్నారు. చుట్టడంతో మందు మరింతగా ఒంట్లోకి ఇంకింది. ఫిట్స్ వచ్చి, కోమాలోకి వెళ్లి ఇద్దరూ చనిపోయారు. ఎఫ్‌డీఏ 2007లో ఈ విషయం చెప్పి ప్రజలను హెచ్చరించింది. క్రీము ఎంత, ఎంత మేర, ఎంతసేపు అన్నది డాక్టర్ నిర్ణయించాలి. పక్కింటివాళ్లు చెప్పారని ఇంట్లో పూసుకుని బయల్దేరకూడదు.

మొదటి రోజే ముఖమంతా చేయించుకోకుండా, చెవి కింద రూపాయి బిళ్లంత మేర పరీక్షగా చేయించుకుని కొన్ని రోజులు ఆగి చూడటం మంచిది. మన చర్మంలో నల్లమచ్చ తీరిగ్గా తేలుతుంది.

నలుపును వెతికే ఈ యంత్రానికి నెరిసిన వెంట్రుక కనపడదు. మెలనిన్ లేనిచోట కాంతి ఆగదు, ఎన్ని సిట్టింగులకు డబ్బు కట్టినా అంతే. నెరిసిన వెంట్రుకకు మందు లేజర్ కన్నా 85 ఏళ్లు పాతది. 1875లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో చార్లెస్ మిషెల్ అనే కంటివైద్యుడు, లోపలికి తిరిగి కంట్లో గుచ్చుకునే రెప్ప వెంట్రుకలను సన్నటి సూదితో కరెంటు పంపి వేరు దగ్గరే చంపాడు. ఎలక్ట్రాలిసిస్ అంటే అదే. ఒక్కో కుదురుకూ సూది దించాలి, ఓపిగ్గా కూర్చోవాలి. గడ్డం కింద నాలుగు తెల్ల వెంట్రుకలు మొలిచిన అమ్మమ్మకు ఇప్పటికీ పనికొచ్చేది ఆ సూదే.