స్ట్రాబెరీ పండు

ఎఱ్ఱని స్ట్రాబెరీ పండును మీలో ననేకులు చూచియుందురు. చూడనివారు దాని జామునైనను రుచి చూచియుందురు. ఇది మిక్కిలి ప్రాచీనమైన పండని తలంచుట సహజము. కాని నేడు మనము తిను పెద్దజాతి పుట్టి యింకను మూడువందల యేండ్లు నిండలేదు. దాని జన్మకథ విద్యార్థులెల్లరు తెలిసికొనదగినది.

పూర్వము ఐరోపా ప్రజలు అడవులలో మొలచు చిన్న స్ట్రాబెరీలను తినుచుండిరి. పిమ్మట ఉత్తర అమెరికానుండి సువాసనగల వర్జీనియా జాతి వారి తోటలకు వచ్చెను. 1712వ సంవత్సరమున ఫ్రాన్సు ప్రభుత్వము ఫ్రెజియే అను సైనిక యింజనీరును దక్షిణ అమెరికాలోని స్పెయినువారి కోటలను రహస్యముగా పరిశీలించి రమ్మని పంపెను. అతడు చిలీ దేశమున నచ్చటి ప్రజలు పెంచుచుండిన పెద్ద స్ట్రాబెరీలను జూచి యాశ్చర్యపడి, కొన్ని మొక్కలను ఓడలో నుంచుకొనెను. మంచినీటిని పొదుపుగా వాడవలసిన దీర్ఘప్రయాణ మది. 1714లో ఫ్రాన్సు చేరునప్పటికి అయిదు మొక్కలు మాత్రమే బ్రతికియుండెను.

ఇంత శ్రమపడి తెచ్చిన మొక్కలు పూచెనే గాని కాయలేదు! కారణమేమి? ఇరువది యేండ్లయినను నిండని డ్యూషేన్ అను ఫ్రెంచి యువకుడు ఆ పూవులను శ్రద్ధతో పరిశీలించెను. చిలీ జాతిలో ఆడుమొక్కలు వేఱు, మగమొక్కలు వేఱు. ఓడలో వచ్చినవన్నియు ఆడుమొక్కలే. అతడు మఱియొక జాతి పుప్పొడిని ఆ పూవులపై నుంచి, 1764లో పండ్లు పండించి, పదునైదవ లూయీ రాజునకు సమర్పించెను. చిలీ, వర్జీనియా జాతులు తోటలలో ప్రక్కప్రక్కన పెరిగి, కలిసి, నేటి పెద్దపండు పుట్టినదని 1766లో ప్రకటించిన గ్రంథమున అతడే తెలిపెను.

ఈ పండునం దింకొక వింత గలదు. మనము తిను మెత్తని భాగము పువ్వు యొక్క పీఠము ఉబ్బగా నేర్పడినది. పైనున్న గింజలవంటి చుక్కలే నిజమైన ఫలములు. ఒక్కొక్కదానిలో నొక్కొక్క విత్తనముండును.

ఇక ఆరోగ్యవిషయము. నూఱు గ్రాముల పండ్లలో సుమారు తొంబది గ్రాములు నీరే. అయినను వానిలో దాదాపు 60 మిల్లీగ్రాముల సి విటమినుండును. పూర్వము నావికుల చిగుళ్లనుండి రక్తము కార్చిన స్కర్వీ వ్యాధిని నివారించునది యిదియే. వండినచో నిది కొంత నశించును గావున పచ్చిపండే మేలు. కొందఱికి ఈ పండు పడక దద్దుర్లు పుట్టును. అట్టివారు దీనిని మానవలెను.

పండ్లను తొడిమ తీయకముందే కడుగవలెను. లేనిచో నీరు లోపలికి జొచ్చి రుచి చెడును. ముక్కలపై కొంచెము పంచదార చల్లి అరగంట యుంచిన, రసము తానే యూరి తీయని పానకమగును. ఆంగ్లేయులు మీగడతో తిందురు. జాము చేయునపుడు నిమ్మరసము చేర్చిన చక్కగా గట్టిపడును.

మన దేశమున మహారాష్ట్రములోని మహాబలేశ్వరము ఈ పంటకు పేరుగాంచినది. అచ్చటి స్ట్రాబెరీకి 2010లో భౌగోళిక గుర్తింపు లభించెను. మన ఆంధ్రదేశమునను, మన్యములోని చల్లని లంబసింగి ప్రాంతమున దీనిని పండించుచున్నారు.

బాలబాలికలారా! పూచిన పువ్వు కాయకుండుటను అందఱును చూచిరి. ఎందుకని ప్రశ్నించి, పువ్వునే చేతబట్టి వెదకినవాడు మీవంటి పడుచువాడు. మీ పెరటిలోని గుమ్మడిపాదున గూడ ఆడుపూవులును మగపూవులును వేఱువేఱుగా నుండును. రేపటి యుదయమున పోయి చూడుడు.