పిడిగుద్దు బలము

1919వ సంవత్సరము జూలై 4వ తేదీన అమెరికాలోని టొలీడో పట్టణమున ఒక గొప్ప ముష్టియుద్ధము జరిగెను. అప్పటి జగద్విజేత జెస్ విల్లార్డు. అతడు ఆరున్నర అడుగుల పొడగరి. తూకము 245 పౌనులు. అతని నెదిరించిన జాక్ డెంప్సీ తూకము 187 పౌనులు మాత్రమే. అయినను మొదటి రౌండులోనే విల్లార్డు ఏడుమారులు నేలబడెను. మూడవ రౌండు ముగిసిన పిమ్మట అతడు మరల పోరుటకు లేచి రాలేదు.

58 పౌనులు తక్కువ తూగు మనుష్యుడు అంతటి భారీకాయుని పడగొట్టు బలమును ఎచ్చటనుండి తెచ్చెను?

బలమును చూపుమనిన బాలుడెవడైనను వెంటనే చేయి మడచి, జబ్బకండ నుబ్బించి చూపును. పాపము, ఆ కండకు గుద్దుతో గల సంబంధము స్వల్పము. అది మోచేతిని మడచు కండ. సూటిగుద్దులో మోచేయి మడవబడదు, చాచబడును. చాచు కండ చేతికి వెనుకవైపున నున్నది. అదియైనను గుద్దునకు చివరి మెరుగు పెట్టునదే గాని, మూలబలము నిచ్చునది కాదు.

మొద్దు చీల్చువానిని చూడుడు. అతడు కాళ్లు ఎడముగా నిలద్రొక్కుకొని, నడుము వంచి, ఒడలంతటి బరువును గొడ్డలి వెంట పంపును. బండపై బట్ట లుతుకువారును అంతే. అతనినే నీటిలో తేలు తెప్పపై నిలిపి మొద్దు చీల్చుమన్నచో, వ్రేటులో సగము సత్తువయు ఉండదు. కాలు తన్నుటకు గట్టి నేల లేకపోవుటయే దీనికి కారణము. కాలు నేలను వెనుకకు త్రోయగా నేల దేహమును ముందుకు త్రోయును. చర్యకు సమానమైన ప్రతిచర్య కలదని న్యూటను చెప్పిన సూత్రమే ఇది.

ముష్టియోధుని గుద్దును ఇట్లే పాదమునుండి పుట్టును. వెనుక కాలి మడమ లేచును. మోకాలు కొంచెము తిరుగును. తుంటి గిఱ్ఱున తిరుగును. దాని వెంట మొండెము, మొండెము వెంట భుజము కదలును. చిట్టచివరకు చేయి చాచుకొనును. కొరడాను ఝళిపించునప్పుడు పిడివద్ద పుట్టిన కదలిక కొసకు పోవుకొలది వేగము హెచ్చునట్లు, ఇందును ఒక్కొక్క అవయవము తనకు వచ్చిన వేగమునకు తనది కూర్చి ముందటిదానికి అందించును. ఈ వరుసలో ఒకటి ముందు వెనుక లైనను బలము నడుమనే జారిపోవును.

సోవియట్ దేశపు పరిశోధకులు సుమారు 120 మంది ముష్టియోధులను పరీక్షించి, ఈ బలములో ఏ అవయవము పాలెంతయో లెక్కగట్టిరి. ఆ లెక్కలు 1980 దశకమున ప్రకటింపబడినవి. ప్రవీణులలో కాళ్ల పాలు నూటికి సుమారు 38, మొండెము పాలు 37, చేతి పాలు 24. క్రొత్తవారి సంగతి వేరు. వారిలో చేతి పాలు 38 ఉండగా, కాళ్ల పాలు 17కు లోపుగానే యుండెను. అనుభవము పెరిగినకొలది గుద్దు చేతినుండి కాళ్లకు దిగునన్నమాట.

ఇందు మరియొక చిత్రము కలదు. గుద్దు బయలుదేరునప్పుడు కండరములు బిగియును. పిడికిలి మార్గమధ్యమున నున్నంతసేపు అవి సడలియుండును. లేనిచో వేగము చచ్చును. తగులు క్షణమున మరల ఒక్కపెట్టున బిగియును. అప్పుడు చేయి, భుజము, మొండెము ఒకే దుంగవలె నగును. వట్టిచేతి బరువు గాక, దేహపు బరువు తాకును. డెంప్సీ 1950లో వెలువరించిన తన గ్రంథమున, దేహపు బరువును కదలించుటయే గుద్దునకు ప్రాణమని బోధించెను.

అట్లయిన బరువు లెత్తి కాళ్లను, మొండెమును బలపరచుకొనవచ్చును గదా! కాని అట్లు చేసినచో కండలు బిగిసి చేయి మందగించునని వెనుకటి గురువులు పెక్కుమంది భయపడిరి. వారు శిష్యులచేత పరుగు తీయించిరి, త్రాడు దుముకించిరి, ఇసుక సంచిని గ్రుద్దించిరి. ఇనుమును మాత్రము తాకనీయలేదు. ఈ భయమును పోగొట్టినవారిలో ఇనుపగుండు విసరు పేరీ ఓబ్రియన్ ఒకడు. ఈ అమెరికా దేశీయుడు శ్రద్ధగా బరువు లెత్తెడివాడు. అంతేగాక, అందరును ప్రక్కకు తిరిగి నిలుచు కాలమున అతడు గుండు పోవలసిన దిక్కునకు వీపు పెట్టి నిలిచి, దేహమును మరింత తిప్పుటకు చోటు కల్పించుకొనెను. 1952లోను, 1956లోను ఒలింపిక్ స్వర్ణములు గెలిచెను. 1954లో 16 పౌనుల గుండును 60 అడుగులు దాటించిన మొదటివాడతడే.

శ్రీకాకుళము సీమలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీలో 110, 130 కిలోలను ఎత్తి, మొత్తము 240 కిలోలతో కాంస్యపతకము గొన్నది. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ వనిత ఆమెయే. ఆ రెండవ ఎత్తులో, రొమ్ముమీది బరువు తలపైకి పోవుట చేతుల చలువ యనుకొందుము. నిజమునకు మోకాళ్లను కొంచెము వంచి, కాళ్లతో ఒక్కసారిగా తన్నుటచేతనే ఆ కడ్డీ లేచును.

అయితే బలమెల్ల ఒక్కటి కాదు. కోడి రామమూర్తి నాయుడు రొమ్ముపై ఏనుగు నెక్కించుకొని నిలిపెను. అది ఓర్చు బలము. గుద్దునకు కావలసినది తటాలున పుట్టు బలము. కండరము తన పూర్ణశక్తిని చూపుటకు సెకనులో మూడు పదవవంతుల కాలమైనను పట్టును. గుద్దులో అంత వ్యవధి ఉండదు. కావున నేటి ముష్టియోధులు భుజములపై బరువుంచుకొని కూర్చుండి లేచుటతో ఆగక, బరువైన బంతిని నడుము త్రిప్పి గోడకు విసరుటయు, ఎగిరి దుముకుటయు అభ్యసింతురు.

నిజామాబాదు బాలిక నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులులో 52 కిలోల తరగతిలోను, 2023లో ఢిల్లీలో 50 కిలోల తరగతిలోను ప్రపంచ విజేత్రి యయ్యెను. తూకమునకు హద్దు గల ఆటలో కండను ఇచ్చవచ్చినట్లు పెంచరాదు. అయినను బలము పెరుగును. ఏలయన, అభ్యాసపు మొదటి వారములలో పెరుగునది కండకంటె నాడులు దానిని పనికి పిలుచు నేర్పే. బరువు లెత్తిన పిల్లలు పొడవెదుగరను మాట నమ్మదగినది కాదు. కాని నేర్పరి ప్రక్కన నిలిచి, తేలిక బరువుతో ముందు పద్ధతిని నేర్పవలెను. తోటివారితో పంతమునకై ఎత్తినచో వెన్ను బెణుకును.

ఇంత శ్రమించి కూడబెట్టిన బలము తగులునది మరియొకని తలకు. ఆ దెబ్బకు తల గిఱ్ఱున తిరుగగా పుఱ్ఱెలోని మెదడు అదరిపోవును. ఏండ్లకొలది దెబ్బలు తిన్న ముష్టియోధులకు నడక తడబడుట, మాట ముద్దయగుట మార్ట్‌లాండ్ అను అమెరికా వైద్యుడు 1928లోనే వర్ణించెను. చేతితొడుగు ప్రధానముగా కాపాడునది కొట్టువాని వ్రేళ్లను. తినువాని మెదడును కాదు. అందుచేతనే తలదెబ్బకు పడినవానిని, తాను బాగుగనే యున్నానని ఎంత మొరపెట్టుకొన్నను, కొన్ని వారములపాటు రంగమున దిగనీయరు.