ఏడాదికి పదమూడు నెలలంట!

క్యాలెండర్లో నెలలు పన్నెండే. ఫోన్ కంపెనీల లెక్కలో మాత్రం పదమూడు. ఎలాగంటారా? 28 రోజుల ప్యాక్ వేసుకుంటూ పోతే 365 రోజులకి పదమూడుసార్లు వెయ్యాలి. ప్యాక్ 299 రూపాయలనుకోండి. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే ఏడాదికి 15,548. అందులో ఆ పదమూడోసారి వేసేదే 1,196. కూలి డబ్బులండి అవి!

30 రోజుల ప్యాకొకటి, ప్రతినెలా ఒకే తారీఖున వేసుకునే ప్యాకొకటి ఉంచి తీరాలని ట్రాయ్ 2022లోనే చెప్పింది. నెట్ లేకుండా మాటలకీ మెసేజ్‌లకీ మాత్రమే ప్యాక్ ఉండాలని 2024 డిసెంబర్లో చెప్పింది. బటన్ ఫోన్ మామ్మకి రోజుకి ఒకటిన్నర జీబీ ఎందుకు? షాపులో ఆ ప్యాకుల గురించి వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, మనమే అడగాలి. రేటుని రోజులతో భాగించి చూస్తే ఏది చవకో తేలిపోద్ది.

అలాగని రీఛార్జ్ మానేసి నంబర్ పోగొట్టుకోకండి. బ్యాంకు, ఆధార్ ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

మన సఖినేటిపల్లి మండలం మోరికి 2016 చివర్లోనే ఫైబర్ నెట్ వచ్చింది. తర్వాత నెలకి 149కే నెట్టు, టీవీ, ఫోను అన్నారు. ఇప్పటి రేటు మీ ఊరి కేబులాయన్ని అడగండి. నలుగురూ ఇంట్లోనే నెట్ వాడేవాళ్ళయితే ఒక్క వైఫై పెట్టుకుని, ఫోన్లకి చిన్న ప్యాకులేస్తే ఎంతవుద్దో కాగితం మీద రాసి చూడండి.

సిగ్నల్ లేని కంపెనీని పట్టుకు వేలాడక్కర్లేదు. పోర్ట్ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, మీ నంబర్ రాసి 1900కి మెసేజ్ పెడితే ఒక కోడ్ వస్తాది. దాన్ని కొత్త కంపెనీ షాపులో ఇచ్చి సిమ్ తీసుకోవాలి. నంబర్ మనదే ఉంటాది, కంపెనీ మారుద్ది.