మోటారు పెట్టెకు భద్రమైన మూత

బావి గట్టునగాని, బోరు ప్రక్కనగాని రైతులు నిలుపుకొను మోటారు పెట్టెలో మెయిన్ స్విచ్చి, ఫ్యూజులు, స్టార్టరు, కొన్నిచోట్ల మీటరు కూడ ఉండును. పెట్టె కొన్ననాడు దానికి చక్కని తలుపుండును. రెండు మూడు వానకాలములు గడచుసరికి బందులు త్రుప్పుపట్టి, తలుపు ఊడి గట్టున పడియుండును. దాని స్థానమున ఒక గోనె సంచి వ్రేలాడుచుండును.

ఇది రైతు అశ్రద్ధ మాత్రమే కాదు. తీయుటకు కష్టమైన మూతను మనిషి ఒకసారి తీసినచో మరల పెట్టడు. కనుక మంచి మూత రెండు పనులు చేయవలెను. పని లేనపుడు గట్టిగా మూసి ఉండవలెను. పని ఉన్నపుడు సులువుగా తీసి, అంత సులువుగా మరల పెట్టుటకు వీలుండవలెను. ఈ రెండును కుదురునట్లు మూతను చేయించుకొను విధమును ఇచట వివరించుచున్నాము.

ప్రమాదము ఎంతటిది?

ఒక ఫేజుకు, భూమికి మధ్య సుమారు 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య సుమారు 400 వోల్టులు ఉండును. 5 అశ్వశక్తుల మోటారు సుమారు 7 ఆంపియర్ల కరెంటు తీసికొనును. మనిషి దేహము గుండా 30 మిల్లీ ఆంపియర్లకు మించిన కరెంటు కొద్ది క్షణములు పారినను గుండె లయ తప్పి ప్రాణము పోవచ్చును. అనగా మోటారు తీసికొనుదానిలో రెండు వందలవ వంతు కన్న తక్కువ కరెంటు మనిషిని చంపుటకు చాలును. అంత కొద్ది కరెంటుకు ఫ్యూజు తీగ కాలదు. ఫ్యూజు మోటారును, తీగలను కాపాడునే కాని మనిషిని కాపాడదు.

తడి మడిలో వట్టి కాళ్ళతో నిలిచి, తడి చేతితో మూతలేని పెట్టెను తాకువానికి ప్రమాదము మరింత హెచ్చు. ఆటో స్టార్టరు అమర్చిన చోట సరఫరా వచ్చిన తక్షణమే మోటారు తనంతట తాను తిరుగును. ఆ సమయమున పెట్టెలో చేయి ఉండరాదు. బల్లులు, కప్పలు, చీమలు లోనికి చేరి తీగల మధ్య పడుటవలన కూడ స్టార్టర్లు కాలిపోవుచుండును.

పెట్టెను రెండు అరలుగా విభజింపుడు

మీటరు ఉన్నచోట దానికి వేరుగా ఒక అర ఉండవలెను. మీటరుకు, దాని అరకు సరఫరా సంస్థవారు వేయు సీలును రైతు త్రెంపరాదు. మీటరును చెడగొట్టుట 2003 నాటి విద్యుత్ చట్టము ప్రకారము నేరము. అంకెలు చదువుటకు ఆ అర తలుపులో ఒక చిన్న కిటికీ చాలును. కిటికీకి పగలని పారదర్శక ప్లాస్టిక్ పలకను లోపలి వైపునుండి పట్టీతో బిగింపవలెను. వెలుపల అంటించిన పలకను ఎవరైనను పెరికివేయగలరు.

రెండవ అర స్టార్టరుది. దీనికి రైతు తాళము ఉండును. మెయిన్ స్విచ్చి పిడి, స్టార్టరు బొత్తాములు ఈ తలుపు తెరువకయే అందునట్లు వెలుపల ఉండవలెను. ఆపదలో తాళపుచెవి వెదకు అవసరము లేక ఎవరైనను సరఫరాను ఆపగలుగుదురు.

మెయిన్ స్విచ్చి ఆపినను, స్తంభమునుండి దానికి వచ్చు తీగలలో కరెంటు ఉండనే ఉండును. ఈ సంగతి తెలియక ప్రమాదమునకు గురియగువారు కలరు. అందుచే ఆ తీగలు బిగించిన చోటికి ఎదురుగా బేకలైటు పలకను లోపలి మూతగా స్క్రూలతో బిగింపవలెను. ఈ పలక వెనుకకు రైతు చేయి పోరాదు. అచటి పని లైన్‌మాను స్తంభము వద్ద సరఫరా త్రెంచిన తరువాతనే చేయవలసినది.

ఎత్తి తీయు తలుపు

ఇనుప పెట్టెకు 16 గేజి రేకు చాలును. వెల్డింగు పనివానిచే బందులను ఈ విధముగా చేయించుకొనవలెను. పెట్టె ప్రక్కన క్రింద ఒకటి, మీద ఒకటి చొప్పున రెండు ఇనుప కడ్డీలను నిలువుగా, కొనలు పైకి ఉండునట్లు అతికింపవలెను. వాటిపై దిగునట్లు తలుపునకు రెండు గొట్టములు అతికింపవలెను. పై కడ్డీ 1 అంగుళము, క్రింది కడ్డీ 1¼ అంగుళము ఉన్నచో తలుపు పెట్టునపుడు ముందు క్రింది గొట్టము కుదురుకొనును, పిమ్మట మీదిది దానంతట అది దిగును. ఒక్క మనిషి ఆ పని చేసికొనవచ్చును.

ఇట్టి తలుపును మూసియుండగా దొంగ పైకి ఎత్తి తీయకుండుటకు ఒక చిన్న ఉపాయము కలదు. తలుపు తెరచుకొను అంచు వైపున, దాని తలకు పావు అంగుళము పైన పెట్టెకు ఒక ఇనుప అడ్డుముక్కను అతికింపవలెను. తలుపు మూసియున్నపుడు ఈ ముక్క దానిని పైకి లేవనీయదు. తాళము తీసి తలుపు తెరచినపుడు అది అడ్డుముక్క క్రిందినుండి తప్పుకొనును. అపుడు ఎత్తిన చాలును, తలుపు చేతికి వచ్చును. స్క్రూలు విప్పనక్కరలేదు, పోగొట్టుకొనుటకు ఏమియు ఉండదు.

వాన నీరు లోనికి పోకుండ పెట్టె పైకప్పు ముందుకు 3 అంగుళములు చాచి, వాలుగా ఉండవలెను. తలుపు ఎత్తుటకు చోటుండునట్లు కప్పునకు, తలుపు తలకు మధ్య 2 అంగుళములు వదలవలెను. తలుపు లోపలి అంచు చుట్టును రబ్బరు పట్టీ అంటింపవలెను. తీగలు ప్రక్కనుండి కాక అడుగునుండియే లోనికి పోవలెను. రంధ్రమునకు రబ్బరు బుష్షు వేసి, తీగను రంధ్రము కన్న అర అడుగు క్రిందికి వంచి పైకి తెచ్చినచో వాన నీరు ఆ వంపు వద్దనే కారిపోవును. గాలి రంధ్రములకు సన్నని జాలి బిగింపుడు. రేకుకు రెడాక్సైడు పూసి, దానిపై లేత రంగు వేసినచో త్రుప్పును, ఎండ వేడిమియు తగ్గును.

తలుపునకు కూడ ఎర్తు కావలెను

పెట్టెకు ఎర్తు ఇచ్చి తలుపును మరచుట తరచు జరుగును. రంగు, త్రుప్పు పట్టిన బందుల గుండా కరెంటు సరిగా పారదు. తెగిన తీగ తలుపును తాకినచో తలుపంతయు కరెంటు ఎక్కియుండును. కనుక తలుపునుండి పెట్టెకు మెత్తని రాగి తీగను వేసి, రెక్కల నట్టుతో బిగింపవలెను. పెట్టెనుండి సుమారు 8 అడుగుల జి.ఐ. గొట్టము పాతిన ఎర్తు గుంటకు తీగ పోవలెను. వేసవిలో గుంటలో నీరు పోయుట మానరాదు. భూమిలోనికి కారు కరెంటును కనిపెట్టి సరఫరాను త్రెంచు బ్రేకరును కూడ వైర్‌మాను సలహాతో అమర్చుకొనుట మంచిది.

ఇనుప పెట్టెకు బదులు ఫైబరు పెట్టె కొనువారు దానిపై ఐ.పి. 55 అను గుర్తు ఉన్నదేమో చూడవలెను. మొదటి అంకె దుమ్మునుండి, రెండవ అంకె నీటి ధారనుండి రక్షణను తెలుపును. చౌక ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కి పగులును.

మూత తీయు క్రమము

1. మోటారు ఆపి, ఆటో స్టార్టరు ఉన్నచో దానిని కూడ ఆపుడు.
2. మెయిన్ స్విచ్చి పిడిని ఆపివేయుడు.
3. కాళ్ళు, చేతులు తుడుచుకొని పొడి చెక్కపై నిలువుడు.
4. తాళము తీసి, తలుపు తెరచి, ప్రతి ఫేజును టెస్టరుతో చూడుడు. ఏ ఒక్కటి వెలిగినను తలుపు మూసి లైన్‌మానును పిలువుడు.
5. ఎర్తు తీగ నట్టు విప్పి తలుపు ఎత్తుడు.
6. పని ముగిసిన పిమ్మట తలుపు తగిలించి, ఎర్తు తీగ బిగించి, తాళము వేసిన తరువాతనే స్విచ్చి వేయుడు.

మోటారు రాత్రివేళ ఆగిపోయినచో పైరు ఎండునని తొందరపడి వానలో పెట్టె తెరువకుడు. బరువు నేలలో రెండు అంగుళముల నీరు నిలిచియున్న వరి మడి, చిరుపొట్ట దశలో ఉన్నను, తెల్లవారువరకు తట్టుకొనగలదు. వెలుతురులో, లైన్‌మాను దగ్గర ఉండగా బాగు చేయించుకొనుడు.

వానకాలము రాకముందే బందులకు నూనె వేసి, రబ్బరు పట్టీని, ఎర్తు తీగను, తాళమును ఒకసారి పరీక్షింపుడు. తాళపుచెవి ఒకటి మీ వద్దను, రెండవది ఇంటివారందరికి తెలిసిన చోటను ఉంచుడు. మీ పెట్టెకు ఇపుడు గోనె సంచియే మూతగా ఉన్నచో, ఈ వారమే వెల్డింగు పనివాని వద్దకు కొలతలు తీసికొని పొండు.